మెదకులో రామప్ప ఎవరు?

యాత్ర అనగానే తెలుగువారికి కోనేరు, గర్భగుడి, ప్రసాదం స్ఫురిస్తాయి. తన మతానిది కాని కట్టడాన్ని చూడటానికి ఒక పగలంతా వెచ్చించటం ఎందుకన్న ప్రశ్న సహజమే. నర్మెట్ట వంటి ఊరిలో ఎవరైనా మెదకు చర్చి చూసి వస్తామంటే, "అక్కడ మీకేం పని?" అని ఇరుగుపొరుగు అడగకపోరు. ఆ ప్రశ్నకు తగిన సమాధానం ఒకటి ఉన్నది. అది మతానికి సంబంధించినది కాదు, కూలికి సంబంధించినది.

ముందు దారి మాట. జనగామ ప్రాంతానికి రైలు కొత్త కాదు. నిజాం రాజ్యపు రైలు 1886 నాటికే సికింద్రాబాదు నుంచి వరంగల్లు చేరింది. మెదకు భాగ్యం వేరు. 1900 ప్రాంతంలో హైదరాబాదు నుంచి మన్మాడుకు వేసిన మార్గం ఆ ఊరికి సుమారు 17 కిలోమీటర్ల దూరాన అక్కన్నపేట మీదుగా సాగిపోయింది. ఆ కొద్ది దూరం దాటటానికి నూరేళ్ళకు పైగా పట్టింది. 2022 సెప్టెంబరులో గాని మెదకులో రైలు కూత వినబడలేదు. నేడు నర్మెట్టవాడు జనగామలో రైలెక్కి, హైదరాబాదులో బండి మారి, మేడ్చల్, మనోహరాబాదు దాటి మెదకులో దిగవచ్చు. వేళలు ముందుగా విచారించుకొని, తెల్లవారక ముందే కదిలితే, ఒక్క పగటిలో పోయి రావటం శ్రమే గాని అసాధ్యం కాదు.

దిగినవాడు ఏమి చూస్తాడు? నూరడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు గల రాతి మందిరం. 175 అడుగుల ఎత్తున నిలిచిన గోపురం. 1914లో పని మొదలై పదేళ్ళు సాగింది. 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడు, ప్రతిష్ఠ జరిగింది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన మీదట ఇది మెదకు అధ్యక్ష మండలానికి ప్రధాన దేవాలయమైనది. గోపురం చార్మినారు కంటే ఎత్తా, కాదా అన్న వాదంతోనే పలువురి దర్శనం ముగుస్తుంది. ఫోటో తీసుకొని తిరుగుముఖం పడతారు. అడగవలసిన ప్రశ్న మాత్రం మిగిలిపోతుంది: ఈ రాళ్ళు ఎత్తినవారు ఎవరు?

వారు ఆకలిగొన్నవారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఆ రోజులలో పంటలు లేక పల్లెలు మాడుతుంటే, చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మెథడిస్టు మిషనరీ ఊరకే గంజి పోయక పని కల్పించాడు. పనికి కూలి, కూలికి తిండి. ఇట్లా కరవు పనిగా లేచిన మందిరం ఇది. అన్నం పెట్టి మతం ఇచ్చారన్న విమర్శ ఉన్నది, దానిని తోసిపుచ్చనక్కరలేదు. ఆకలిగొన్నవాడి ముందు నిలిచిన దాత చేయి ఎన్నడూ కేవలం నిష్పక్షపాతమైనది కాజాలదు. కాని మరొక న్యాయం కూడా చెప్పుకోవాలి. బిచ్చం తిన్నవాడికీ పనిచేసి తిన్నవాడికీ భేదం ఉన్నది. రెండవవాడు తల వంచనక్కరలేదు. తాను తిన్న దానికి సాక్ష్యంగా ఒక కట్టడాన్ని లోకానికి అప్పగించి వెళ్ళాడు.

అయితే ఆ సాక్ష్యంపై సంతకం ఎవరిది? మందిరం కథ చెప్పేవారు పాస్నెట్ పేరు చెబుతారు. నమూనా గీసిన హార్డింగు పేరు చెబుతారు. రంగుటద్దాల కిటికీలు కూర్చిన లండను చిత్రకారుడు సాల్స్‌బరీ పేరు చెబుతారు. ఉలి పట్టినవాడి పేరు, తట్ట మోసిన తల్లి పేరు ఆ కథలో రావు. ఈ లోటును ఓరుగల్లు సీమవాడు గుర్తించినట్లు మరొకడు గుర్తించలేడు. పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆలయాన్ని జనం రుద్రుడి పేరుతో పిలువరు. రామప్ప గుడి అంటారు. రామప్ప శిల్పి అని జనశ్రుతి. 2021లో ప్రపంచ వారసత్వ ఖ్యాతి వచ్చినప్పుడు కూడా లోకం నోట ఆ పేరే పలికింది. కట్టించినవాణ్ణి పక్కన పెట్టి కట్టినవాణ్ణి తలచుకోవటం ఈ గడ్డకు తెలిసిన మర్యాద. ఆ మర్యాదను మూటగట్టుకొని పోయినవాడే మెదకును సరిగా చూడగలడు.

ఊరి కొండపై కాకతీయుల నాటిదని చెప్పే కోట ఉన్నది. కుతుబ్‌షాహీల నాటి మసీదు, ధాన్యం నిలవచేసిన కొట్లు అక్కడ ఉన్నాయి. అవి చూడకుండా తిరిగి రావటం సగం చదువు. పైన ఏలికలు గింజలు దాచుకున్న కొట్లు. కింద గింజల కోసం జనం రాళ్ళు మోసిన మందిరం. కోటకూ చర్చికీ కాలంలో శతాబ్దాల దూరం ఉన్నా, రెంటి కథా తిండి గింజ చుట్టూనే తిరుగుతుంది.

మరొక హెచ్చరిక. మందిరంలోని మూడు పెద్ద కిటికీలలో క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం చిత్రించబడ్డాయి. ఎండ వాటి వెనుక ఉన్నంతసేపే లోపలివారికి ఆ రంగులు పలుకుతాయి. పొద్దు గుంకితే అద్దం నల్లబడుతుంది. కనుక పగటి బండి ప్రయాణం ఈ ఊరికి తగినదే. ఆరాధన వేళ అయితే తెలుగు కీర్తనలు కూడా వినవచ్చు. పురుషోత్తమ చౌదరి వంటివారు పందొమ్మిదవ శతాబ్దంలోనే క్రైస్తవ భక్తిని తెలుగు పాటలో పెట్టారు. భాష తెలిసినవాడికి ఆ మందిరం పరాయిది అనిపించదు.

జనగామ చుట్టుపట్ల ఉపాధ్యాయులు పిల్లలను ఏడాదికొకసారి పాలంపేటకు తీసుకుపోతే మంచిదే. మరుసటి ఏడు మెదకుకు తీసుకుపోవాలి. గోపురం ఎత్తు ఎంత అన్న ప్రశ్న పుస్తకంలో దొరుకుతుంది. దాని కోసం రైలెక్కనక్కరలేదు. ఒక రాతిపై చేయి పెట్టించి, దీనిని మోసినవాడు ఆ పూట ఏమి తిన్నాడో ఊహించమని అడగటానికి మాత్రం అక్కడికి పోక తప్పదు.