పైకొకటి, లోపలొకటి

“భోంచేసి వెళ్ళండి వదినగారూ!” అన్నాను గుమ్మం దాకా వచ్చి, వంటింట్లో గిన్నెలన్నీ ఖాళీ అని తెలిసే. పొరుగింటి వదినగారు నవ్వి, “మరోసారి వస్తాలెండి” అంటూ చెప్పులు తొడుక్కున్నారు. ఆవిడ వెనకాల ఉన్న పదిహేడేళ్ళ కొడుకు మాత్రం చేతులు కడుక్కొచ్చి భోజనాల బల్ల ముందు కూర్చున్నాడు.

“వాడికి ఆటిజమండీ, ఏమీ అనుకోకండి” అని ఆవిడ కుంచించుకుపోయారు. అనుకోవలసింది నన్ను గురించి కదా! అబద్ధమాడింది నేను, నమ్మింది వాడు. లోపం మాత్రం వాడిదయింది.

ఆ మధ్య ఈ కుర్రాడే ఒకమ్మాయి వెంట మూడు రోజులు బస్టాపు దాకా నడిచాడు. నాలుగోనాడు ఆ పిల్ల అన్నలు పట్టుకుని కొట్టారు. ఆ పిల్ల భయం నిజమైన భయం, దాన్ని నేను తేలిక చెయ్యను. కానీ “ఎందుకెళ్ళావురా?” అని తల్లి ఏడుస్తూ అడిగితే వాడేమన్నాడో తెలుసా? “ముందు వద్దంటుంది. అయినా రోజూ వెళ్ళాలి. ఆఖర్న నవ్వుతుంది. సినిమాల్లో అంతే కదమ్మా!”

ఆటిజం అందరిలో ఒక్కలా ఉండదు. కానీ చూపులోని వెటకారం, గొంతులోని విసుగు, మాట వెనక మాట చాలామందికి చప్పున అందవు. సూటిగా చెప్పిన నియమమైతే గట్టిగా పట్టుకుంటారు. ఆ నియమం మనం చెప్పలేదు. తెర చెప్పింది, ఏళ్ళ తరబడి, పాటలతో సహా. ఆటిజం లేని కుర్రాళ్ళూ అదే పాఠం నేర్చుకుని వీధుల్లో తిరుగుతున్నారే, వాళ్ళకేం పేరు పెడదాం? నా నవలల్లోనూ కాదన్న పిల్ల వెంటపడి గెలిచిన నాయకులున్నారు. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

“టీవీ కట్టేస్తే సరి” అనే పెద్దలున్నారు. టీవీ కట్టేస్తే లోకం నోరు మూస్తుందా? “నేడే ఆఖరు” అని ఏడాది పొడుగునా అరిచే ప్రకటన కింద చీమ తలకాయంత అక్షరాల్లో షరతులుంటాయి. ఆ ఇంట్లో వాటిని చదివేవాడు వీడొక్కడే!

2012లో డేమియన్ మిల్టన్ అనే బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త, ఆయనా ఆటిజం ఉన్నవారే, ఒక మాట తేల్చి చెప్పారు: అర్థం చేసుకోలేకపోవడం ఒకవైపుదే కాదు, వాళ్ళు మనకెంత అందరో మనమూ వాళ్ళకంతే అందమని. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని లెక్కలోకి తీసుకుంది. కాగితం మీద హక్కులొచ్చాయి సరే, మన మాటల్లోకి నిజాయితీ ఎప్పుడొస్తుంది?

కథ వేరు, వీధి వేరు. వద్దంటే వద్దనే అర్థం. ఈ రెండు ముక్కలూ ఆ పిల్లలకి సూటిగా, వెక్కిరించకుండా, కావలిస్తే పదిసార్లు చెబుదాం. మిగతా పిల్లలకీ చెబితే నష్టమేం లేదు.

ఆ రోజు బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. అన్నం ఉడికేదాకా వాడు విసుక్కోకుండా కూర్చున్నాడు. ఇప్పుడెవరినైనా భోజనానికి ఉండమనే ముందు వంటింట్లోకి ఓసారి తొంగిచూసి మరీ పిలుస్తున్నాను.