మోషన్ మాత్రే కదా అంటారా?

“తిండి రుగ్మతలా? సండూరులోనా? అవన్నీ బెంగళూరు అపార్ట్‌మెంట్లలో వాళ్లకొచ్చే జబ్బులండీ.” మా బళ్లారి జిల్లాలో ఈ మాట చదువుకున్నవాళ్లే అంటున్నారు. నేనొప్పుకోను. తిన్నందుకు భయపడి గుట్టుగా విరేచనాల మాత్ర మింగడానికి సంపద అక్కర్లేదు, చీటీ అడగని మెడికల్ షాపు ఒకటుంటే చాలు.

అసలు మన ఇళ్లలో ఆ మాత్రను మందుగానే లెక్కపెట్టరు. ఆముదం పట్టించి కడుపు శుభ్రం చేయడం పెద్దల నాటి అలవాటు. ఎప్పుడో ఒకసారి పట్టించే ఆ ఆముదానికీ, తిన్నప్పుడల్లా మింగే బిసకోడిల్ అనే ఈ విరేచనాల మాత్రకీ పోలికేమిటి?

పోనీ, అనుకున్న పనైనా చేస్తుందా? తిన్నదాని శక్తి చాలావరకు చిన్నపేగులోనే ఒంటికి పట్టేస్తుంది. ఈ మాత్ర పనిచేసేది పెద్దపేగు మీద. 1983లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో లీటర్లకొద్దీ విరేచనాలైనా, ఒంటికి పట్టకుండా పోయిన కేలరీలు సుమారు 12 శాతమే. తూకంలో తగ్గేది నీరు. ఆ నీటితోపాటు పొటాషియమూ పోతుంది. అది బాగా పడిపోతే గుండె లయ తప్పుతుంది, ఆగిపోనూ వచ్చు. నీరు తీసే ఫ్రూసెమైడ్ కూడా తోడైతే, అందులోనూ మన బళ్లారి ఎండల్లో, ఇక చెప్పేదేముంది!

“పిల్ల బక్కచిక్కలేదుగా” అన్నది ఇంకో బుకాయింపు. 1979లో లండన్ వైద్యుడు జెరాల్డ్ రసెల్ అతిగా తిని, దాన్ని వదిలించుకోవాలని తంటాలుపడే జబ్బుకు బులీమియా నెర్వోసా అని పేరు పెట్టినప్పుడే విరేచనాల మందుల దుర్వినియోగాన్ని దాని లక్షణాల్లో చేర్చాడు. ఈ జబ్బున్నవాళ్లలో చాలామంది మామూలు బరువుతోనే ఉంటారు. అందుకే ఇంట్లోవాళ్లకు అనుమానం రాదు. కాస్త తగ్గితే “సన్నబడ్డావే!” అని మెచ్చుకోవడం ఒకటి.

తెలిశాక గద్దించి మాన్పిస్తే సరిపోతుందా? ఒక్కసారిగా మానేస్తే ఒళ్లు నీటిని పట్టి ఉంచుతుంది, కాళ్లు ఉబ్బుతాయి, తూకం పెరుగుతుంది. అది కొవ్వు కాదు, కొన్నాళ్లకు తగ్గిపోతుంది. ఆ సంగతి ముందే చెప్పేవాళ్లు లేకపోతే మనిషి హడలిపోయి మళ్లీ షాపుకే వెళ్తుంది. డాక్టరు కనిపెట్టి ఉండగా మానాలి. పొటాషియం చూసే రక్తపరీక్ష, ఈసీజీ బళ్లారిలో దొరకనివేం కావు.

చిన్న ఊళ్లో గుట్టు బయటపడుతుందనే భయం నిజమే. అలాంటివాళ్లు ముందు 14416కి ఫోన్ చేయొచ్చు. టెలీ మానస్ అనే ఆ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు తెలుగులోనూ మాట్లాడతారు. ఇక వారం వారం ఒకే మనిషికి అదే మాత్రల షీటు అమ్మే షాపువాళ్లు కనీసం ఎందుకని అడగాలి. అడిగితే గిరాకీ పోతుందంటారా? పోనివ్వండి.