రేక్లా గుర్రానికి కప్పు ఇస్తే చాలునా?

నేను చదివింది అరవంలో, తెలుగులో తప్పులుంటే సర్దుకోండి.

పండగకు గుర్రబ్బండి పందేనికి సంఘం డబ్బు ఇవ్వాలని ఆదివారం తీర్మానం పెడుతున్నారట. నేను ఒప్పుకోను. "జల్లికట్టుకు చట్టం వచ్చింది కదా మామా" అంటున్నారు. ఆ 2017 చట్టం చదవండి, అది ఎద్దులకు. గుర్రం అందులో లేదు.

నా తమ్ముడు రేక్లా గుర్రం పెంచినవాడు. పెద్ద గుర్రం, నడు గుర్రం, చిన్న గుర్రం అని మైకులో అరిచేది పందెం రోజే. మిగతా రోజుల్లో ఉలవలు, గడ్డి, ఐదారు వారాలకోసారి లాడాలు, చూసుకునే మనిషికి కూలి, అన్నీ ఇంటిమీదే. గెలిచినా, తోలినవాడికీ వెంట వచ్చినవాళ్లకూ పంచితే మిగిలేది కప్పే.

ఒక రాత్రి దానికి కడుపునొప్పి వచ్చింది. గుర్రానికి వాంతి రాదు, తెలుసునా? తెల్లవారేదాకా వాడూ నేనూ నడిపిస్తూనే ఉన్నాము. ఆవుకు డాక్టరు ఉన్నాడు, కుక్కకు ఉన్నాడు, గుర్రం తెలిసినవాడు దొరకలేదు. పోయింది. మరదలి గొలుసు ఇంకా కుదువలోనే ఉంది. ఈలలు వేసినవాళ్లలో ఒక్కడూ ఆ రాత్రి రాలేదు.

ఇప్పుడు తారురోడ్డు మీద, వెనకాల బైకులు హారన్ కొడుతుంటే తోలతారు. ఆ కాళ్లు ఏమవుతాయి? మన తాతలు తోలింది మట్టి దారిలో.

అంత ప్రేమ ఉంటే ఆ డబ్బుతో గుర్రాలున్న ఇళ్లకు తెలిసిన డాక్టరును పిలిపించండి, ధనుర్వాతం సూదులు వేయించండి. మొదటి వెయ్యి నాది. కప్పు మీద మాత్రం నా పేరు వేయకండి.