మీ బైక్ ట్యాంకులో 35 పొత్తులు!

వైజాగ్‌లో తెల్లారకముందే బైక్ తీసి, అనంతగిరి ఘాట్ ఎక్కి, గాలికొండ దగ్గర ఆగి కాల్చిన మొక్కజొన్న పొత్తు తినని కుర్రాళ్లు ఉంటారా? నిమ్మచెక్కతో ఉప్పూకారం రాసి ఇస్తే ఆ చలిలో దాని రుచే వేరు. ఈసారి తినేటప్పుడు పక్కన ఆపిన బైక్ వంక ఓసారి చూడండి. అది కూడా మొక్కజొన్న తాగే కొండెక్కింది!

జోక్ కాదండీ. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది ఈ20 పెట్రోల్. అంటే అందులో 20 శాతం ఇథనాల్. 2014లో ఇది 1.5 శాతమే. 2030కి చేరాలనుకున్న లక్ష్యాన్ని 2025లోనే అందుకున్నాం. చెరకు, నూకలు కూడా వాడతారు కానీ, 2024-25లో పెద్ద వాటా మొక్కజొన్నదే.

గింజ ఇంధనం ఎలా అవుతుంది? అరకు వాళ్లకి ఇది చెప్పడం తేలిక. జీలుగు కల్లు దించగానే తియ్యగా ఉంటుంది, పొద్దెక్కే కొద్దీ పులిసి కైపెక్కుతుంది. అందులో చక్కెరని ఈస్ట్ తిని ఆల్కహాల్‌గా మారుస్తుంది. ఇప్పపువ్వులోనూ చక్కెర రెడీగా ఉంటుంది. నానబెడితే పులుస్తుంది, కాస్తే సారా.

మొక్కజొన్నలో ఎక్కువగా ఉండేది పిండి పదార్థం. దాన్ని ఈస్ట్ నేరుగా తినలేదు. అందుకే ఫ్యాక్టరీలో గింజని పిండి కొట్టి, నీళ్లు కలిపి ఉడికించి, ఎంజైములు వేసి ముందు చక్కెరగా మారుస్తారు. ఆ తర్వాతే ఈస్ట్ పని. రెండు మూడు రోజుల్లో పులుస్తుంది. ఇక కాచడమే. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది, నీళ్లకి 100 కావాలి. ఆ తేడాతోనే రెంటినీ విడదీస్తారు. అయినా 95 శాతం దగ్గర ఆగిపోతుంది. మిగిలిన నీటిని జియోలైట్ గుళికలు పీల్చేస్తాయి. వడగట్టిన పిప్పి ఎండబెట్టి పశువుల దాణాకి అమ్ముతారు.

టన్ను గింజకి సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది. పది లీటర్లు కొట్టిస్తే అందులో రెండు లీటర్లు ఇథనాల్. అదంతా మొక్కజొన్నదే అయితే అయిదు కిలోల పైన గింజ! పొత్తుకి 150 గ్రాముల ఎండు గింజ లెక్కేస్తే 35 పొత్తులు. పైగా లీటరుకి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ శక్తి. అందుకే మైలేజీ కొంచెం తగ్గేది.

లాభం లేదా? ఉంది. విదేశీ చమురుకి పోసే డబ్బు కొంత మన రైతుకి చేరుతుంది. కానీ మొక్కజొన్న కోళ్ల దాణా కూడా. ఫ్యాక్టరీ, కోళ్లఫారం ఒకే గింజకి పోటీపడితే గుడ్డు ధర కదులుతుంది. ఎప్పుడూ ఎగుమతి చేసే మన దేశం 2024లో మొక్కజొన్న దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది. నీళ్ల గొడవ ఇంకోటి. 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని జనం రోడ్డెక్కితే పనులు ఆపాల్సి వచ్చింది.

మరి కొండమీద రైతు సంగతి? 2025-26కి క్వింటాలు మద్దతు ధర 2,400 రూపాయలు. వారపు సంతలో షావుకారు ఎంతిస్తాడన్నదే అసలు ప్రశ్న. అరకు కాఫీకి పేరొచ్చింది కాబట్టి దాని ధర గురించి నలుగురూ అడుగుతారు. మొక్కజొన్న గురించి ఎవరడుగుతారు? రేటు బాగుందని చోళ్లు, సామలు తీసేసి ఏటవాలు నేలంతా దున్ని మొక్కజొన్నే వేస్తే, వానకి కొట్టుకుపోయే మట్టి ఏ ధరకీ తిరిగి రాదు. ఇంట్లో అంబలి గిన్నె కూడా ఖాళీ అవుతుంది.

అందుకని ఈసారి గాలికొండ దగ్గర పొత్తు కొన్నప్పుడు బేరమాడకండి. గింజలు సంతలో కిలో ఎంతకి పోతున్నాయో మాత్రం ఆ అక్కని అడగండి. 2025-26 మద్దతు ధర కిలోకి 24 రూపాయలు. ఆవిడ చెప్పిన అంకె దానికి ఎంత దూరంలో ఉందో చూసి, మాకు రాయండి.