హోప్ ఐలాండ్‌కు అతిథుల్లా వెళదాం

సముద్రపు గాలి, పచ్చదనం, కాస్త ప్రశాంతత కోరుకునేవారికి కాకినాడ తీరం చక్కని విడిది. పేరుకు దీవే గానీ, అక్కడి హోప్ ఐలాండ్ పుట్టింది తీరం వెంట సాగిన ఇసుక తిన్నెగా. గోదావరి మోసుకొచ్చిన మేటను అలలు ఉత్తరానికి నెట్టగా, సుమారు రెండు వందల ఏళ్లలో 16 కిలోమీటర్ల పొడవున పెరిగింది. తుపాను అలల ఉద్ధృతిని తాను కాచుకుని, తన వెనుకనున్న ఓడలకూ కాకినాడ నగరానికీ అండగా నిలుస్తోంది.

దాని వెనుకే, 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరింగ మడ అడవి ఉంది. చెక్క వంతెనపై నడుస్తూ కిందికి చూస్తే, బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన వేర్లు కనిపిస్తాయి. ఊపిరాడని ఆ నేలలో చెట్టు గాలి పీల్చుకునేది వాటితోనే. నీటికుక్కలు, బావురు పిల్లులు ఇక్కడే బతుకుతున్నాయి.

శీతాకాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ దీవి ఒడ్డుకొచ్చి, గుంత తవ్వి, ఒక్కోటి సుమారు వంద గుడ్లు పెడతాయి. పుట్టిన పిల్లలు వెలుతురున్న వైపే సముద్రమనుకుని పాకుతాయి. మన టార్చిలైటు, నెగడు వాటిని దారి తప్పిస్తాయి. పారేసిన ప్లాస్టిక్ సంచి ప్రాణమే తీస్తుంది.

పర్యాటకం వల్ల పడవ నడిపే మత్స్యకార కుటుంబాలకు నాలుగు రాళ్లు దక్కాలి. అదే సమయంలో రోజువారీ సందర్శకుల సంఖ్యకు హద్దు ఉండాలి. తాబేళ్లు గుడ్లు పెట్టే నెలల్లో రాత్రి బసను అనుమతించకూడదు. తెచ్చుకున్న చెత్తను తిరిగి తీసుకెళ్లడం మన బాధ్యత. చూడండి, సేదదీరండి, ఆ తీరాన్ని మాత్రం ఉన్నదున్నట్టే వదిలి రండి.