కుక్కకు కులం లేదు, దారికి ఉంది

తెల్లవారుజామున నాలుగున్నరకు మా అమ్మ ఇల్లు దాటుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆమె ఈ నగరపు రోడ్లు ఊడుస్తున్నది. లాల్‌దర్వాజకూ గౌలీపురాకూ నడుమ ఉన్న మా బస్తీ నుంచి పెద్ద రోడ్డు ఎక్కడానికి ఆరడుగుల సందు ఒకటి ఉన్నది. అది మా ఐదిళ్ళకూ, సందు మొగదలలోని రెండంతస్తుల ఇంటికీ ఉమ్మడి దారి. మా తాత కాలం నుంచీ అందరం అందులోనే నడుస్తున్నాం. గత ఏడాది ఆ పెద్దింటివారు రెండు జాతి కుక్కలను తెచ్చారు. రాత్రి పదింటికి వాటిని సందులోకి వదులుతారు, ఉదయం ఏడింటికి లోపలికి పిలుచుకుంటారు. ఆ తొమ్మిది గంటలూ ఉమ్మడి దారి ఉమ్మడిగా ఉండదు.

చలికాలంలో ఒకనాడు ఆ కుక్కలు మీదికి దూకితే అమ్మ వెనక్కి పడిపోయింది. మణికట్టు విరిగింది. కట్టు విప్పేదాకా పనీ లేదు, కూలీ లేదు. మాట్లాడదామని వెళ్ళాం. ఆ ఇంటి పెద్దాయన మర్యాదగానే కూర్చోబెట్టాడు, ప్లాస్టిక్ గ్లాసుల్లో నీళ్ళిప్పించాడు. ‘‘మీ బస్తీకి ఎవరెవరో వస్తుంటరు, పోతుంటరు. మాకు భద్రత ఉండొద్దా?’’ అన్నాడు. తర్వాత అమ్మ వైపు తిరిగి, ‘‘నువ్వు చెత్త పని చేస్తవు కదమ్మా, ఆ వాసనకే అవి మొరుగుతయి. కుక్కలకు ఏం తెలుస్తది?’’ అన్నాడు.

కుక్కలకు ఏమీ తెలియదన్న మాట నిజమే. తెలిసినవారు వేరే ఉన్నారు. ఐదున్నరకు పాలు పోసే మనిషి వస్తాడు. అతడు సందులో అడుగుపెట్టకముందే కుక్కల మెడలకు గొలుసు పడుతుంది. శుక్రవారం పూజ చేయించడానికి పంతులు వచ్చినప్పుడూ అంతే. అంటే ఆ ఇంట్లో గొలుసు ఉన్నది, కట్టే చేతులున్నాయి, నిద్ర లేచే ఓపికా ఉన్నది. నడిచేది ఎవరన్నదాన్ని బట్టి ఆ గొలుసు పనిచేస్తుంది. నేను కులం అంటున్నది ఈ తేడానే.

‘ఇరుగుపొరుగు తగాదాలోకి కులాన్ని ఎందుకు లాగుతావు’ అని మిత్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ప్రతి కుక్క తగాదా కుల తగాదా కాదు. ఒకే కులపు ఇళ్ళ మధ్య కూడా ఇలాంటివి ఉంటాయి. కానీ ఉమ్మడి వనరు మీద ఒకరి జంతువు హక్కుదారై, మరొకరు చొరబాటుదారై నిలబడే దృశ్యం మన చరిత్రకు కొత్తది కాదు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేడ్కర్ చవదార్ చెరువు నీళ్ళు తాగినప్పుడు, పశువులకు లేని నిషేధం మనుషులకు ఎందుకన్నదే అక్కడి ప్రశ్న. ఆ తర్వాత సవర్ణులు కోర్టుకెక్కి, చెరువు తమ సొంతమని వాదించారు. బొంబాయి హైకోర్టు ఆ వాదనను తోసిపుచ్చేసరికి 1937 వచ్చింది. ఉమ్మడి సొత్తును సొంతమని పిలవడం ఆధిపత్యానికి పాత అలవాటు.

మన నేల మీదికి వస్తే కారంచేడు ఉన్నది. 1985 జూలైలో మాదిగలు తాగే చెరువు నీటిలో గేదెల మురికి కలపడాన్ని వారు ప్రశ్నించారు. ఒక దళిత స్త్రీ బిందె ఎత్తి ఎదిరించింది. మరునాడు, జూలై 17న, ఆరుగురు మాదిగలను వెంటాడి చంపారు. గేదె చేసిన తప్పేమీ లేదు. ‘నా గేదె మురికి నీ తాగునీటి కంటే ముఖ్యం’ అన్న భావనే ఆ హత్యలకు మూలం. మా సందును కారంచేడుతో సమానం చేయడం లేదు. ఇక్కడ రక్తం పారలేదు. కానీ ‘నా కుక్క నిద్ర నీ అమ్మ పని కంటే ముఖ్యం’ అన్న మాటలో ఆ భావన ఇంకా ఊపిరి పీలుస్తూనే ఉన్నది.

ఇందులో ఒక విడ్డూరమూ ఉన్నది. మనుస్మృతి పదో అధ్యాయం చండాలురకు ఊరి వెలుపల నివాసాన్ని, కుక్కలనూ గాడిదలనూ ఆస్తిగా విధించింది. కుక్క అప్పుడు హీనత్వానికి గుర్తు. ఇప్పుడు అదే కుక్కకు వంశపత్రం రాసి, జాతి పేరు పెట్టి హోదాగా మార్చుకున్నారు. ‘జాతి కుక్క’, ‘ఊరకుక్క’ అన్న మాటలను ఒకసారి తరచి చూడండి. కుక్కకు లేని కులాన్ని మన భాషే దాని మెడకు కట్టింది. కుక్క స్థాయి పెరిగింది, దాని పక్కన నడిచే పాకీ మనిషి స్థాయి మాత్రం అక్కడే ఆగింది.

2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కలు చంపిన నాలుగేళ్ళ పసివాడు ఒక వాచ్‌మన్ కొడుకు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కల మీద ఇచ్చిన ఉత్తర్వు, పదకొండు రోజులకే దానికి చేసిన సవరణ దేశమంతా చర్చను రగిలించాయి. ఆ చర్చ జంతుప్రేమికులకూ, జంతుద్వేషులకూ మధ్య జరిగింది. తెల్లవారకముందే రోడ్డెక్కక తప్పనివారు, కారు అద్దాల చాటు లేనివారు ఎవరన్న ప్రశ్న అందులో పెద్దగా వినిపించలేదు. యజమాని ఉన్న కుక్క గురించి చర్చే లేదు. వీధికుక్కకు కుటుంబ నియంత్రణ, టీకా ప్రభుత్వ బాధ్యత. పెంపుడు కుక్క పూర్తిగా యజమాని బాధ్యత.

చట్టం మౌనంగా లేదు. తన జంతువు వల్ల మనిషి ప్రాణానికి ముప్పు రాకుండా జాగ్రత్తపడని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల వరకు జరిమానా విధిస్తుంది. అది ఏ కులం వారికైనా వర్తిస్తుంది. ఇరవై ఏళ్ళు నిరాటంకంగా హక్కుగా నడిచిన దారి మీద నడిచే హక్కు ఏర్పడుతుందని పౌర చట్టం చెబుతుంది. దళితులను రోడ్డు, దారి వాడుకోనివ్వకుండా అడ్డుకోవడాన్ని అత్యాచారాల నిరోధక చట్టం 2015 సవరణతో నేరాల జాబితాలో స్పష్టంగా చేర్చింది. అయితే ఠాణా మెట్లెక్కినప్పుడు మాకు ఎదురైన ప్రశ్న ఒక్కటే: ‘‘కుక్క కరిచిందా?’’ పళ్ళ గాట్లు లేని భయాన్ని ఏ కాగితం మీద రాయాలో వారికి తెలియలేదు.

మా బస్తీ కుర్రవాళ్ళలో ఒకడు అన్నంలో మందు కలిపి పెడదామన్నాడు. అమ్మ వాడి మీద లేచింది. ‘‘నోరులేని జీవిని సంపి నువ్వు బాగుపడ్తవారా? దాన్ని ఇడిచిపెట్టినోన్ని అడుగు’’ అన్నది. మణికట్టు ఇంకా వాపు తగ్గని మనిషి చెప్పిన ఆ మాటలో ఉద్యమానికి సరిపోయే స్పష్టత ఉన్నది. కుక్కను చంపడం నేరం. అంతకు మించి, అది గొలుసు చేతిలో ఉన్నవాణ్ని వదిలేసి గొలుసులో ఉన్నదాన్ని శిక్షించడం.

అందుకే ఐదిళ్ళవాళ్ళం కలిసి ఒక కాగితం రాశాం. అందులో మూడే కోరికలు. రాత్రివేళ కుక్కలను తమ ప్రహరీ లోపలే ఉంచాలి. సందులోకి తెస్తే గొలుసుతో, మూతికి జాలీతో తేవాలి. విరిగిన చేతి వైద్యానికీ, పోయిన కూలీకీ పరిహారం ఇవ్వాలి. విద్యార్థి మిత్రులు కులాన్ని దేవాలయ ప్రవేశంలోనూ, విశ్వవిద్యాలయ హాస్టల్‌లోనూ గుర్తుపడతారు. నగరంలో అది ఉమ్మడి నల్లా, ఉమ్మడి మెట్లు, ఉమ్మడి సందు దగ్గర కాపు కాస్తుంది. అక్కడ దానికి కులం పేరు ఉండదు. భద్రత అనీ, శుభ్రత అనీ, వాసన అనీ పేర్లుంటాయి. ఆ పేర్లను విప్పి చూపడం మన పని.

కాగితం ఇచ్చి పదిహేను రోజులైంది. జవాబు రాలేదు. గొలుసు ఆ ఇంటి గుమ్మం పక్కన మేకుకు వేలాడుతూనే ఉన్నది. అమ్మ ఇప్పుడు వెనుక నాలా గట్టు మీదుగా, చీకట్లో, ఇరవై నిమిషాలు ముందే బయలుదేరుతున్నది.