రాగిజావకు పాలతోడు

ఆంధ్రప్రదేశ్ బడుల్లో 2023 మార్చి నుంచి వారానికి మూడు రోజులు పొద్దున్నే పిల్లలకు రాగిజావ పోస్తున్నారు. రాగిపిండి, బెల్లం, నీళ్లు, అంతే. కలకడ నుంచి మదనపల్లె, పుంగనూరు మీదుగా కుప్పం దాకా ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో రాగిని పరిచయం చేయాల్సిన పనిలేదు, సంగటి ముద్ద మీద బతికిన సీమ ఇది. ప్రభుత్వం మారినా జావ ఆగలేదు, ఆగకూడదు కూడా. అయితే అందులో ఒక లోటుంది. ఆ లోటు తీర్చే సరుకు ఇదే మండలాల పాలకేంద్రాల మీదుగా రోజూ క్యాన్లలో దాటిపోతోంది. డెయిరీలో వెన్న తీశాక మిగిలే పాలను పొడి చేసి ఈ జావలో కలపాలన్నది నా వాదన.

రాగిలో కాల్షియం 100 గ్రాములకు 340 మిల్లీగ్రాముల పైమాటే. బియ్యం, గోధుమ దాని దరిదాపులకు రావు. ప్రోటీన్ మాత్రం 7 శాతం, అందులోనూ లైసిన్ అనే అమైనో ఆమ్లం బాగా తక్కువ. బియ్యానిదీ గోధుమదీ ఇదే కొరత. ఒంటికి కండ పట్టాలంటే అవసరమైన అమైనో ఆమ్లాలన్నీ కలిసి అందాలి. ఒకటి తగ్గితే మిగతావి ఎన్ని ఉన్నా ఆ మేరకే పనికొస్తాయి. పాల ప్రోటీన్‌లో లైసిన్ దండిగా ఉంటుంది. 30 గ్రాముల రాగిపిండిలో ప్రోటీన్ రెండు గ్రాములనుకుంటే, 10 గ్రాముల వెన్న తీసిన పాలపొడి ఇంకో మూడున్నర గ్రాములు చేరుస్తుంది, లైసిన్ సుమారు ఐదు రెట్లవుతుంది. వెన్నతో పోయేది కొవ్వూ, దాన్ని అంటిపెట్టుకున్న ఎ విటమినూ. ప్రోటీన్, కాల్షియం, బి2 విటమిన్ పాలలోనే ఉంటాయి. పాలకేంద్రంలో ఫ్యాట్‌తో పాటు ఎస్ఎన్ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థాలు) చూసి డబ్బు లెక్కగట్టించుకునే రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. నిజానికి మన పెద్దలకూ తెలుసు: అంబలిని మజ్జిగ పోసుకునే తాగారు. ఇంట్లో చిలికి నెయ్యి అమ్ముకున్న రోజుల్లో మజ్జిగకు వెల ఉండేది కాదు, ఇరుగుపొరుగులు చెంబు పట్టుకొచ్చి పోయించుకునేవారు. పాలు నేరుగా కేంద్రానికి వెళ్లడం మొదలయ్యాక ఇంటికి రొక్కం వచ్చింది, మజ్జిగ పలచబడింది. రొక్కం వద్దని ఎవరూ అనరు. పోయిన మజ్జిగ మరో రూపంలో పిల్లల గ్లాసులోకి రావాలంటున్నానంతే.

పక్క రాష్ట్రంలో ఇలాంటి పని జరుగుతోంది కూడా. పుంగనూరు, కుప్పం పొలిమేర దాటితే కోలారు జిల్లా. కర్ణాటక ప్రభుత్వం 2013 ఆగస్టులో మొదలుపెట్టిన క్షీరభాగ్య పథకం కింద అక్కడి బడుల్లో పాలపొడితో కలిపిన 150 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. 2024 ఫిబ్రవరిలో వారానికి మూడు రోజులు ఆ పాలలోనే రాగిమాల్ట్ కలపడం మొదలుపెట్టారు. అక్కడ నందిని పేరుతో పాలు అమ్మే సహకార వ్యవస్థ ఉంది, మిగులు పొడికి బడి ఒక దారి. చిత్తూరు సహకార డెయిరీ 2002లోనే మూతపడింది కాబట్టి మనం టెండరు పిలిచి ప్రైవేటు డెయిరీల దగ్గర కొనాలి. ఖర్చు? కిలో 200 నుంచి 300 రూపాయల మధ్య ఊగే పొడిలో 10 గ్రాములంటే గ్లాసుకు రెండు మూడు రూపాయలు. 2024లో దేశమంతా నిల్వలు పేరుకుపోయి పొడి ధర 200 దరికి పడింది. అలా పడ్డప్పుడల్లా దెబ్బ తగిలేది పాడి రైతు పాల ధరకే. ఏటా ఇంత కొంటామని ముందే చెప్పే గిరాకీ ఒకటుంటే అతనికీ ఊపిరి ఆడుతుంది.

గుడ్డు ఇస్తున్నాం కదా, ఇదెందుకని అడగవచ్చు. గుడ్డు మంచిదే, కానీ అది మధ్యాహ్నం పళ్లెంలోది, తినని పిల్లలూ ఉన్నారు. సోయా చవక కదా అన్నది ఇంకా బలమైన ప్రశ్న. మలావి, మొజాంబిక్‌లలో పోషణ తగ్గిన పిల్లల మీద జరిపి 2016లో ప్రచురించిన పరీక్షలో సోయాతో చేసిన ఆహారం తిన్నవారిలో 81 శాతం, పాలతేట ప్రోటీన్‌తో చేసినది తిన్నవారిలో 84 శాతం కోలుకున్నారు. రెండోదాంట్లో మొత్తం ప్రోటీన్ తక్కువే ఉన్నా ఫలితం అది. తేడా చిన్నదే, దాన్ని అద్భుతమనడం తప్పు. పాలు పడవనే భయానికి జవాబు సులువు: 10 గ్రాముల పొడిలో ఉండే పాలచక్కెర ఒక గ్లాసు పాలలో ఉండేదాంట్లో సగం. అసలు జాగ్రత్త ఇనుము విషయంలో పడాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం రాష్ట్రంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం వయసుకు తగ్గ ఎత్తు లేనివారు, ఆరు నెలలు దాటినవారిలో 63.2 శాతానికి రక్తహీనత. పాలలోని కాల్షియం ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు. అందుకే పాలపొడి పొద్దుటి జావకే పరిమితం కావాలి. ఇనుము అందాల్సిన మధ్యాహ్న భోజనం జోలికి అది పోకూడదు.

ఆ పరీక్షలో వాడింది పాలతేట ప్రోటీనే అయినా, పన్నీరు తీశాక మిగిలే తేట మీద మాత్రం ఆశలు పెంచుకోవద్దు. జిమ్ కుర్రాళ్లు డబ్బాల్లో కొనే వే ప్రోటీన్ ఎక్కువగా చీజ్ తయారీలో మిగిలిన తేటది. పన్నీరుకు పాలను బాగా మరిగిస్తారు కాబట్టి ఆ ప్రోటీన్‌లో చాలావరకు పన్నీరులోనే గడ్డకట్టిపోతుంది. తేటలో మిగిలేది అర శాతం లోపే. చపాతీ పిండి కలపడానికో, పులుసులో పోయడానికో అప్పటికప్పుడు వాడుకోవచ్చు. కాలువలోకి వదిలి నీళ్లు చెడగొట్టడం కంటే అది నయం. బడులకు చేరవేసే సరుకైతే కాదు.

డెయిరీలో మిగిలింది పిల్లలకు పెడతారా అని ఎవరైనా చిన్నచూపు చూస్తే, సూపర్ మార్కెట్‌లో కొవ్వు తీసిన పాలను ఆరోగ్యం పేరుతో కొనేదెవరో చూడమనాలి. నాణ్యత మీద అనుమానం న్యాయమైనదే. దానికి మందు, పొడిని రాగిపిండితో కర్మాగారంలోనే కలిపి, సీలు వేసి, ప్రతి లాటూ పరీక్షించాకే పంపడం. ముందు ఈ పడమటి మండలాల్లో ఒక విద్యాసంవత్సరం పాటు చేసి చూడాలి. జూన్‌లో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి పిల్లల ఎత్తు, బరువు, హిమోగ్లోబిన్ కొలిచి, మామూలు జావ తాగిన మండలాల పిల్లలతో పోల్చాలి. తేడా కనిపించకపోతే ఆ డబ్బును ఇంకో గుడ్డుకు పెట్టవచ్చు.